తెలుగు రాని చిలుక

సాతంరాయి, బుధవారం

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. ఫోన్లో నా గొంతు వింటే కంగారుపడతావని కార్డు రాస్తున్నాను.

ఎల్కేజీ పిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికి గుడ్డ చిలుకను కుట్టానని చెప్పాను కదా. అది విమానం దిగి వచ్చిందని, తెలుగు మాట వినబడితే మళ్ళీ విమానమెక్కి వెళ్ళిపోతుందని ఆట కోసం చెప్పాను. పిల్లలు నిజమే అనుకున్నారు. సోమవారం కథ మధ్యలో శ్రీనిజ అనే పిల్ల చాప కింద చెయ్యి పెట్టింది. తేలు కుట్టింది. ఉలిక్కిపడింది కానీ అరవలేదు. చిలుక వైపు చూస్తూ పెదాలు కదిపింది. మాట కోసం వెతుక్కుంటోందనుకుని, "ట్రై, ట్రై" అని చిలుక గొంతుతో నేనే హుషారు చేశాను. చెమటలు పట్టి పక్కకు ఒరిగిపోయాక గానీ నేను దాని చెయ్యి చూడలేదు.

ఇంకా దవాఖానలోనే ఉంది. డాక్టర్లు ఏమీ తేల్చి చెప్పడం లేదు. వాళ్ళమ్మ స్వర్ణలత నన్ను తిట్టినా బాగుండేది. "గంత నొప్పి లేస్తె ఎందుకు మొత్తుకోలేదో మాకు చెప్తలేదు టీచర్, జర మీరడగుర్రి" అంది.

అడిగాను. ఆ పిల్ల చుట్టూ చూసి, మెల్లగా, "తేలును ఇంగ్లీషుల ఏమంటరు టీచర్?" అంది.

చిలుక రెక్కలకని అడిగిన ఆకుపచ్చ గుడ్డ ఇక పంపకు. బాపు దగ్గు తగ్గిందా? మందు మధ్యలో ఆపనివ్వకు. ఆదివారం చర్చిలో శ్రీనిజ పేరు చెప్పి ప్రార్థన చేయించు. నేను చేద్దామని మోకరిస్తే నోట మాట రావడం లేదు.

నీ డోర్కాస్