నా భార్య ఫోను నా చెవుల్లో మాట్లాడుచుండుట గురించి

వినికిడి సహాయ కేంద్రం అధికారి గారి సముఖమునకు, రేకు పెట్టెల కార్ఖానాలో సుత్తి పనివాడు రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తమ కేంద్రం వారు నాకు ఇప్పించిన చెవి మిషన్లు నా భార్య ఫోనుతో కలిసిపోయి విడివడకుండుట, తత్ఫలితముగా ఒక తల్లికీ కూతురికీ మాటలు ఆగిపోవుట, అందు నా పాత్ర కూడా ఉండుట, వగైరా.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను చాలా ఏళ్ళుగా రేకు పెట్టెలు కొట్టే పనిలో ఉన్నాను. రేకు మీద సుత్తి పడితే ఎలా ఉంటుందో తమ గదిలో కూర్చుంటే తెలియదు. ఆ విధముగా నా వినికిడి తగ్గినది. అయితే ఈ సంగతి ఎవరికీ పొక్కనివ్వలేదు. నన్ను పనిలోనూ వీధిలోనూ 'రేడియో' అంటారు. ఎవరి గొంతైనా ఒక్కసారి వింటే అచ్చు దించేస్తాను. మా మేస్త్రి గొంతుతో "ఇవాళ్టికి చాలు, ఇళ్ళకి పొండి" అని గోడ చాటు నుంచి అరిచి కార్ఖానా మొత్తాన్ని ఖాళీ చేయించిన ఘనుణ్ణి. అలాంటివాడికి చెవుడని తెలిస్తే ఊరుకుంటారా? "రేడియోకి స్టేషను అందట్లేదురోయ్" అంటారు. ఇంకొకడికైతే నేనే ముందు అనేవాణ్ణి, అందుకే తెలుసు. కావున ఎవరైనా ఏదైనా అడిగితే అడ్డదిడ్డంగా జవాబిచ్చి, అందరూ నవ్వగానే, కావాలనే అన్నట్టు నేనూ నవ్వేవాణ్ణి. మిషన్లు వచ్చాక చెవుల మీదికి జుట్టు పెంచాను. "ఏం రేడియో, ఈ వయసులో హీరో వేషమా?" అన్నాడు మేస్త్రి. పోనీ, చెవిటివాడి కంటే అదే నయం.

2. మిషన్లు అమర్చే రోజున ఫోను వెంట తెచ్చుకోమని తమ వారు చెప్పియున్నారు. నాది బొత్తాల ఫోను, పనికిరాదన్నారు. అందుచేత పగిలిన అద్దం మార్పించుకొస్తానని చెప్పి నా భార్య ఫోను పట్టుకొచ్చితిని. అక్కడి అమ్మాయి (ఆమె మీద ఏ ఫిర్యాదూ లేదు, బంగారం లాంటి పిల్ల) ఓపికగా కలిపి చూపించింది. "ఫోనులో మాట నేరుగా చెవిలోకే వస్తుంది. మీ మాట కూడా ఈ మిషన్లలోంచే అవతలికి పోతుంది, ఫోను ముట్టుకోనక్కర్లేదు" అన్నది. తర్వాత తెర వైపు చూసి "ఫోను మీదేనా?" అన్నది. నాదే అన్నాను. తెర మీద మా అత్తగారి ఫోటో ఉన్నది. "మీ అమ్మగారా?" అన్నది. అవునన్నాను. "మీది అచ్చం ఆవిడ పోలికే" అన్నది. అబద్ధానికి శిక్ష అక్కడికక్కడే పడినది గానీ, అంతటితో సరిపోలేదు.

3. పగటిపూట ఇబ్బంది లేదు. నా భార్య బట్టలు కుట్టే షాపులో పనిచేస్తుంది, ఫోను ఆమె వెంట పోతుంది. సాయంత్రం ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే నా చెవుల్లో టుయ్ మంటుంది, కలిసిపోయినవని. ఇక అక్కడి నుంచి ఆమెకు వచ్చే ప్రతి ఫోనూ నాకే. ఆమె వంటగదిలో "హలో, హలో" అని గొంతు చించుకుంటుంది. అవతలి మనిషి ముందుగదిలో పేపరు చూస్తున్న నా చెవిలో కాపురం సంగతులన్నీ చెప్పేస్తుంటాడు. ఒక్కోరోజు ఎడమది కలుస్తుంది, కుడిది మొండికేస్తుంది. పెరట్లోకి పోతే మాట సగంలో తెగుతుంది, మిగతా సగం కోసం మళ్ళీ లోపలికి పరిగెత్తాలి. పరిగెత్తేవాణ్ణి కూడా. దాచను.

4. ఆమె ఆ ఫోనును బాగుచేసే షాపుకు తీసుకుపోయినది. అక్కడ చిలకలా పలికినది. ఇంటికి తెస్తే మూగ. "ఈ కొంపలోనే ఏదో ఉంది" అన్నది. ఉన్నది. ముందుగదిలో పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటున్నది. స్పీకరు బొత్తాం నొక్కి మాట్లాడమని షాపువాడు చెప్పాడట. "మా అమ్మ మాటలు ఈ మనిషి చెవిన పడాలా? తెల్లారేసరికి వీధంతా ఆ గొంతుతో వినిపించడూ!" అని ఆమె ఆ బొత్తాం జోలికే పోలేదు. నా మీద ఆమెకు గల నమ్మకం తమరు గమనించగలరు.

5. ఇక్కడి నుంచి నవ్వులాట కాదు. మా అత్తగారు కొడుకు దగ్గర ఉంటుంది. నేను ఆవిడ గొంతు అనుకరిస్తే లోకమంతా నవ్వింది గానీ ఆవిడ నవ్వలేదు. "నూనె లేని తలుపు ఇంతకంటే బాగా అంటుంది" అని ఊరుకుంది. ఒక సాయంత్రం ఫోను చేసి, "అమ్మడూ, అన్నయ్య ఇల్లు పడగొట్టి కట్టిస్తున్నాడే. వాళ్ళు ఒక్క గదిలో సర్దుకుంటున్నారు, నాకు చోటు లేదు. కొత్త పైకప్పు వేసేదాకా నీ దగ్గర ఉండొచ్చా?" అని అడిగింది. అడిగింది నా చెవిలో. కూతురు వంటగదిలో "అమ్మా, హలో, అయ్యో, ఏంటిది!" అంటూ చేతిలో గరిటెతో గుండ్రంగా తిరుగుతోంది. ఆ గరిటె చూసి నాకు నవ్వాగలేదు. ముక్కులోంచి బుర్రుమని వచ్చేసింది. నా మాట మిషన్లలోంచే అవతలికి పోతుందని ఆ పిల్ల చెప్పినది అప్పుడు గుర్తు రాలేదు. కూతురి కేకలు ఆవిడకు చేరలేదు. నా నవ్వు చేరింది. ఆ వెంటనే నా భార్య విసుగొచ్చి పెట్టేసింది.

మర్నాడు అత్తగారు మళ్ళీ చేసింది. "నేను ఉండొచ్చా అంటే మొగుడూ పెళ్ళాలు నవ్వుకుంటారా తల్లీ? వద్దంటే వద్దని నోటితో చెబితే సరిపోయేది కదే. ఇంక చెయ్యనులే" అన్నది. ఏడవలేదు. ఏడ్చినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. నేను నోరు తెరిస్తే ఆవిడకు వినపడేది. "అత్తయ్యా, నవ్వింది నేను" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఊళ్ళో అందరి గొంతులూ పలికేవాడికి ఆ క్షణాన సొంత గొంతు రాలేదు.

6. అటుపిమ్మట ఆవిడ ఫోను రాలేదు. "మా అమ్మకేమైందో, ఫోను చేసి మాట్లాడదు, ఇప్పుడు చెయ్యనే చెయ్యదు" అని నా భార్య అన్నం కెలుకుతూ కూర్చుంటుంది. షాపులోంచి చేస్తే ఆవిడ ఎత్తలేదు. ఉండబట్టలేక ఆవిడ అన్నదంతా నా భార్యకు చెప్పాను. ఖర్మేమిటంటే, చెబుతుంటే అలవాటుకొద్దీ గొంతు దానంతట అదే అత్తగారిదైపోయింది. ఆమె కంచం తోసేసి "మళ్ళీ మొదలెట్టావా? మా అమ్మ కష్టం కూడా నీకు ఆటేనా?" అన్నది. నీకెలా తెలుసని అడిగితే మిషన్ల సంగతి చెప్పాల్సి వచ్చేది. ఆమె అడగలేదు. అంత ఖాయంగా అబద్ధమనుకున్నది. జుట్టు పక్కకు తీసి చెవి చూపిస్తే పోయేది. చెయ్యి చెవి దాకా పోయింది. గోక్కుని దిగింది.

కావున తమరు దయతో నాకు ఈ దిగువ సహాయములు చేయవలెను:

(అ) సదరు మిషన్లను నా భార్య ఫోను నుండి విడదీయించవలెను. నేను ఇంట్లో ఎన్ని బొత్తాలు నొక్కినా, ఆమె గుమ్మంలోకి రాగానే మళ్ళీ కరుచుకుంటున్నవి.

(ఆ) "ఫలానా సాయంత్రం తల్లి అడిగిన మాట కూతురికి చేరలేదు, కూతురి మాట తల్లికి చేరలేదు, నవ్వినది అల్లుడు మాత్రమే" అని తమ సంతకముతో, గుండ్రటి సీలుతో ఒక ధ్రువపత్రం ఇప్పించవలెను. మా ఇంట్లో నా మాట నమ్మరు, సీలును నమ్ముతారు.

(ఇ) ఆ పత్రంలో చెవుడు అన్న మాట రాకుండా 'సాంకేతిక కారణముల వలన' అని రాయగలిగితే మరీ మేలు. ఇది అడగడానికి సిగ్గుగానే ఉన్నది, అయినా అడుగుచున్నాను.

ఇంతమంది గొంతులు అరువు తెచ్చుకున్నవాడు సొంత గొంతుతో చెప్పుకున్న మొదటి సంగతి గనుక, తప్పులున్నా తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(ఇంట్లో అడిగితే ఈ మాట ఒప్పుకోరు)
రేడియో

తా.క. ఇది సాపు రాస్తుండగా నా భార్య వెనకాల వచ్చి నిలబడి ఎంతవరకు చదివినదో తెలియదు. పేలు చూసినట్టు నా జుట్టు పక్కకు తీసి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నది.

"చెవుడా, మిషన్లా?" అన్నాను.

"నవ్వడం" అన్నది.

కలం కింద పెట్టాను.

ఆమె అక్కడే నిలబడి వాళ్ళమ్మకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి నా చెవిలో "ఎవరూ?" అని వినపడింది. ఎత్తిందని సైగ చేశాను. నా భార్య ఫోను బల్ల మీద పెట్టేసి, నా చెవికి నోరు ఆనించి "అమ్మా, నేనే. వచ్చెయ్" అన్నది. నా చెవిలోంచే తల్లికి పోయింది. తల్లి అన్నది నేను కూతురికి చెప్పాలి. చెప్పాను. అన్నది అన్నట్టు, నా గొంతుతోనే, ఒక్క మెలికైనా తిప్పకుండా. ఎందుకు నవ్వారే అన్నదని చెప్పాను. నవ్వింది ఈయనే, ఈయనకి చెవుడమ్మా, మనకెవరికీ చెప్పలేదు అని నా భార్య నా చెవిలోనే చెప్పింది.

తర్వాత ఆవిడ ఒకే మాట అన్నది.

"ఏమంది?" అన్నది నా భార్య.

అన్నది "పాపం" అని. అది మాత్రం నా నోటితో చెప్పలేకపోయాను. మిషను చెవిలోంచి తీసి నా భార్య చెవిలో పెట్టేశాను. రెండోది కూడా తీసి ఇచ్చాను. ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఆమె పెదవుల వంక చూస్తూ కూర్చున్నాను, అదీ కాసేపే. తర్వాత తల దించుకున్నాను.

అత్తగారు ఆదివారం వస్తోందట. కనుక తమరికి శ్రమ తగ్గించుచున్నాను. (ఆ), (ఇ) కోరికలు కొట్టివేయగలరు. (అ) మాత్రం అలాగే ఉంచగలరు. దానికి తోడు ఎడమ చెవి మిషనులో శబ్దం కొంచెం పెంచి ఇప్పించగలరు. ఫోనులో కాదు, ఎదురుగా కూర్చోబెట్టి తిడతానన్నదట. ఒక్క ముక్క కూడా పోకూడదు.