తలాఠీ గారు వచ్చే వేళకు

శుభాంగీ, తల్లీ,

మీ అత్త నిద్రలో ఉన్నది. తహసీల్ కచేరీ నుంచి తలాఠీ గారు పదకొండు గంటలకు మళ్ళీ విచారణకు వస్తారు. వికలాంగుల ధ్రువపత్రం దేవుని గూటిలో, కుంకుమ భరిణ కింద ఉంచాను. ముందుగా అది చూపించు.

క్రిందటిసారి ఆయన దీపాలు పెట్టే వేళకు వచ్చి "ఎట్లున్నవమ్మా?" అని అడిగితే, ఈమె గోడ పట్టుకుని లేచి కూర్చుని "మంచిగున్న బిడ్డా, చాయ్ తాగి పో" అన్నది. దీపం వెలిగాక ఇంట్లో 'లేదు', 'కాదు' అనరాదన్నది ఆమె నియమం. "మంచిగనే ఉన్నది గదా, ఇగ సాయమెందుకు?" అని ఆయన అట్లే రాసుకుని వెళ్ళారు. సర్కారు ఇచ్చే అనుదానం రాలేదు. అది వస్తేనే పగటిపూట ఒక ఆయాను పెట్టుకోగలం, నీకూ కాస్త తెరిపి దొరుకుతుంది. అందుకే ఈసారి పగలే రమ్మని వేడుకున్నాను.

నేను ఎదుట ఉంటే, పరాయివారి ముందు నేను చిన్నబోరాదని ఆమె ఎంత నొప్పినైనా ఓర్చి లేచి కూర్చుంటుంది. కనుక గోదావరి ఒడ్డుకు వెళుతున్నాను. నువ్వు ఆయనను అరుగు మీదికి పిలిచి, అన్నం తినిపించడం మొదలు పక్క మార్చడం వరకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆమె చెవిన పడనీయకు.

మీ మామ

ఇంకొక మాట. సాయంకాలం పద్యం చదువుతూ మూడు పాదాలకు ఆగడం నాకు అలవాటు. నాలుగవది ఆమె అందుకునేది. శ్రావణం నుంచి అదీ నేనే చదువుకుంటున్నాను. ఇది మాత్రం తలాఠీ గారికి చెప్పవద్దు.