రెండు చందమామలు, నాలుగు గెనుసుగడ్డలు

గద్వాల

అక్కకు, బావకు తమ్ముడు మధుసూదన్ దండాలు పెట్టి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. శ్రీరంగాపూర్‌లో మీరూ, మీ పల్లి చేనూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏంటని తిట్టకు. నీ చెవి సంగతి నీకు తెలుసు. పోయినసారి నేను ఫోన్‌లో "చీర కోసినం అక్కా" అంటే, నువ్వు "చెయ్యి కోసినం" అని విని, ఏడ్చుకుంటూ బస్సెక్కి వచ్చావు. నేత పూర్తయి మగ్గం మీది నుంచి చీర కోస్తే ఈ ఊళ్లో ఎవరూ ఏడవరు. ఇకమీదట మనకు కాగితమే మేలు.

అడగాల్సింది ఒక్కటే. పోయిన చలికాలం మీ ఇంటికి వచ్చినప్పుడు జొన్నరొట్టె పక్కన గెనుసుగడ్డ ముక్కలు కాల్చి పెట్టారు చూడు, అవి ఎలా చేయాలి? అంచులు కరకర, లోపల వెన్న. ఒక ముక్క నోట్లో పెట్టుకుంటే కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. అది తిండిలా లేదు, మధ్యాహ్నం నిద్రలో వచ్చే మంచి కలలా ఉంది.

మొన్న సంతలో గడ్డల కుప్ప ముందు చాలాసేపు నిలబడ్డాను. పొద్దుటి ఎండలో మసకమసకగా, గులాబీరంగు దుప్పటి కప్పుకుని పసిపిల్లలు పడుకున్నట్టు కనిపించాయి. అమ్మే ఆమె నన్ను చూసీ చూసీ, "తీసుకుంటవా, జోల పాడుతవా?" అంది. నాలుగు తీసుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో వంట నాదే. పొయ్యి నాకు కొత్త. అర్థమయ్యేలా రాయి.

ఇట్లు,
నీ తమ్ముడు మధుసూదన్

మరిచాను: సుమన ఎందుకు వండడం లేదని మాత్రం అడగకు.

*

శ్రీరంగాపూర్

తమ్ముడికి, నూరేళ్ళు చల్లగా ఉండమని అక్క సుగుణ రాస్తున్నది.

అడగకు అన్నావు కాబట్టి అడుగుతున్నాను. సుమన ఎందుకు వండడం లేదు? ఒళ్ళు బాగాలేదా? అలిగిందా? వనపర్తి పోయి తల్లి దగ్గర కూర్చుందా? కాస్త నోరు పెద్దదే గాని, నా మరదలు బంగారం లాంటిది. నువ్వే ఏదో అని ఉంటావు. చిన్నప్పటి నుంచీ నీకు ఆకాశం చూసుకుంటూ మాట్లాడే అలవాటు. ఎదుటి మనిషి ముఖం చూడవు.

మగవాడు గరిటె పట్టుకున్నాడంటే ఆ ఇంట్లో ఏదో కూలినట్టే లెక్క. నేను ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి మీ బావను పొయ్యి ఛాయలకు రానివ్వలేదు. అది ఆడదాని మర్యాద.

సరే, గడ్డల సంగతి. మట్టి పోయేలా కడుగు. తోలు తీయకు. బొటనవేలంత మందంగా కోయి. పెనం మీద పల్లినూనె పోసి, పొగ వచ్చేదాకా మంట పెద్దది పెట్టు. ముందు కారం, ఉప్పు వేసి, ఆ మీద ముక్కలు వేయి. మూత పెట్టి నీ పని చూసుకో. అంతే. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు.

సుమనకు నా మాటగా చెప్పు, కోపం ఉంటే నాకు రాయమని.

ఇట్లు,
అక్క సుగుణ

మీ బావ లింగయ్య ఈ ఉత్తరం చదివి, తల కొట్టుకుని, చేనుకు వెళ్ళిపోయాడు. ఎందుకో చెప్పడు. నీ సంసారం గురించి బెంగ కాబోలు.

*

గద్వాల

అక్కకు తమ్ముడి దండాలు.

నువ్వు రాసినట్టే చేశాను. నూనె పొగ రాగానే కారం వేశాను. ఆ తర్వాత కొంతసేపు ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. వీధి వీధంతా దగ్గింది. ఎదురింటి శంకరయ్య ముక్కుకు తువ్వాల కట్టుకుని వచ్చి, "ఎవరికన్న దిష్టి తీస్తున్నవా, మధన్నా?" అని అడిగాడు. మూత తీసి చూస్తే ముక్కలు పైన మెత్తగా ఉడికిపోయి, కింద నల్లగా మాడి ఉన్నాయి. పిల్లికి వేశాను. పిల్లి వాసన చూసి, నా ముఖం చూసి, గోడ దూకింది.

అయినా బాధ లేదు. సాయంత్రం గడప మీద కూర్చుంటే కృష్ణానది వైపు నుంచి గాలి వస్తోంది. ఈ మధ్య సాయంత్రాలు నాకు చాలా బాగుంటున్నాయి అక్కా. లోకమంతా పల్చని మల్లు గుడ్డ వెనక ఉన్నట్టుంటుంది. వీధి దీపం వెలిగితే దాని చుట్టూ రంగురంగుల పూలదండ. నిన్న చందమామ వచ్చాడు. చూస్తే ఇద్దరు! ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నట్టు పక్కపక్కనే. లేచి లోపలికి నడుస్తుంటే గడప తగిలి బోర్లా పడ్డాను. శంకరయ్యే లేపి కూర్చోబెట్టి, "జర చూసుకొని నడువన్నా" అన్నాడు. పడి కూడా నవ్వుకున్నాను.

సుమన సంగతి అడిగావు. పొద్దున లేవగానే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటుంది. గోడకు అటు ఆమె, ఇటు నేను. పగలంతా మాటలు తక్కువ. అన్నం పళ్ళెం తలుపు దగ్గర పెట్టి వస్తాను. ఇప్పుడు ఇదే బాగుందని ఇద్దరం అనుకున్నాం.

కారం ముందు వేయాలా, తర్వాతా? ఇంకోసారి చెప్పు.

ఇట్లు,
మధుసూదన్

ఇద్దరు చందమామల్లో ఎడమవైపు వాడే బొద్దుగా ఉన్నాడు.

*

శ్రీరంగాపూర్

మధుసూదన్‌కు సుగుణ రాస్తున్నది. ఈసారి దీవెన లేదు. నీ జవాబు చూసి ఇవ్వాలా వద్దా ఆలోచిస్తాను.

తాగుతున్నావు కదరా?

దీపానికి పూలదండలట! చందమామలు ఇద్దరట! బోర్లా పడి నవ్వుకున్నాడట! మన ఇంట్లో మగ్గం ముందు కూర్చునేవాడు కల్లు వాసన కూడా చూడలేదు. నువ్వు దేనికి మొదలుపెట్టావు? ఆ పిల్ల తలుపు వేసుకుని కూర్చోక ఏం చేస్తుంది?

రంగనాయకస్వామి గుడికి పోయి, చెరువు గట్టున కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నీళ్ళ మీద గోపురం నీడ ఊగుతుంటే నాకు కూడా రెండు కనిపించాయి. నావి కన్నీళ్ళు, నీది కల్లు.

ఏడ్చి ఊరుకోలేదు. అక్కడి నుంచి అటే వనపర్తి పోయి, మన వియ్యపురాలు, సుమన తల్లి జమ్ములమ్మ ఇంట్లో దిగాను. "వదినా, తప్పు మావోనిదే. నీ బిడ్డకు జర నచ్చజెప్పు" అన్నాను. ఆమె కంగారుపడి, "నా బిడ్డకేమైంది? మొన్ననే ఫోన్ల మంచిగ మాట్లాడె గదా!" అంది. "లోపల పెట్టుకున్నదేమో, నీకు చెప్పలేక" అన్నాను. అంతే, ఇద్దరం పట్టుకుని ఏడ్చాం. పక్కింటి వాళ్ళు ఎవరు పోయారో అనుకుని వచ్చారు.

జమ్ములమ్మ సంచి సర్దుకుంది. ఈ ఉత్తరం కన్నా ముందే నీ గడప తొక్కుతుంది. ఆమె ముందు తూలకు.

ఇట్లు,
సుగుణ

కారం దించే ముందు వేయాలట. మంట చిన్నగా ఉండాలట. మూత అసలే వద్దట. మీ బావ ఎక్కడో విన్నాడట. నేను మొదటే అలా రాశాను కదా, నువ్వే తాగిన మైకంలో తప్పు చదివావు.

*

గద్వాల

అక్కకు దండాలు. కోపం తగ్గించుకుని చదువు.

మా అత్తమ్మ ఆటో దిగి, సంచి కింద పెట్టకుండానే, "నోరు తెరువు అల్లుడా" అంది. తెరిచాను. వాసన చూసింది. వేయించిన జీలకర్ర వాసన వచ్చింది. ఇంకోసారి చూసింది. జీలకర్రే. "ఏడున్నది నా బిడ్డ?" అంది. లోపలి గదిలో నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. తలుపు తోసి చూసింది. సుమన మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని, పోగుల మధ్య నాడె అటూ ఇటూ విసురుతూ, తల ఎత్తకుండా, "అమ్మా, నీడ పడుతున్నది, జర జరుగు" అంది.

అత్తమ్మ జరిగి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నేను గడ్డలు తెచ్చి పెట్టాను. ఈసారి చిన్న మంట, మూత లేదు, కారం చివర. ఒక ముక్క తింది. ఇంకొకటి తింది. కోపం ఎటు పోయిందో గాని, "ఇంక ఉన్నయా?" అని అడిగింది.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచింది చెబుతాను. నా కళ్ళలో శుక్లాలు వచ్చాయి. కుడికన్ను మరీ మసక. చీర ఒంట్లోని నూలునూ, అంచు పట్టునూ కలిపే చోట పోగు మీద పోగు తప్పు పడుతుంటే సుమన కనిపెట్టింది. ఒకరోజు వచ్చి, "లే, నేను కూసుంట. నువ్వు వంట చూస్కో" అంది. పొగ పట్టుకు తగలకుండా తలుపు వేసుకుంటోంది గాని, అలిగి కాదు.

నీకెందుకు చెప్పలేదంటే, నాయిన చూపు పోయాక ఆ గుంటలోనే కాళ్ళు పెట్టుకుని, చేతులతో పోగులు తడుముకుంటూ ఊరికే కూర్చునేవాడు. నువ్వు అన్నం కలిపి తినిపిస్తూ ముఖం అటు తిప్పుకునేదానివి. మళ్ళీ నిన్ను అదే గడప మీద ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను.

వచ్చే సోమవారం మహబూబ్‌నగర్ దవాఖానలో ఆపరేషన్. ఇప్పుడు ఇది చిన్న పనేనట. అయినా భయంగా ఉంది. ఇంకో మాట చెబితే నవ్వుతావు. ఈ మసక లోకాన్ని వదలాలంటే కొంచెం దిగులుగానూ ఉంది. దీపాలకు పూలు పూయవు. సుమన ముఖం మీద ఒక్క ముడత కూడా లేకుండా, పెళ్ళినాటి పిల్లలాగే పొగమంచులో నడిచి వస్తుంది. రేపు అన్నీ కనిపిస్తాయి కదా.

నువ్వూ బావా రండి.

ఇట్లు,
తమ్ముడు మధుసూదన్

ముడతల మాట సుమనతో అనకు. ఇది రాసేటప్పుడు భుజం మీదుగా చదివి, "నీ మొఖం నీకు గనవడక గిట్ల రాస్తున్నవ్" అని ఇప్పుడే వెళ్ళింది.

*

శ్రీరంగాపూర్

నా బంగారు తమ్ముడికి, పోయినసారి బాకీపడ్డ దీవెన కూడా కలిపి అక్క సుగుణ రాస్తున్నది.

మేము క్షేమంగా ఇల్లు చేరాం. నీ కన్ను ఎలా ఉంది? చుక్కల మందు సుమన వేస్తోందా? పొయ్యి దగ్గరికి మాత్రం పోకు. పొగ తగలకూడదని డాక్టర్ చెప్పింది నాకు వినబడలేదనుకున్నావేమో. వినబడింది.

కట్టు విప్పిన పొద్దు నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. దవాఖాన గోడకు వేసిన నీలం రంగును చూస్తూ, "నీలం గింత నీలముంటదా అక్కా?" అన్నావు. నాయిన చేతులు గుర్తొచ్చి నేను అటు తిరిగాను, ఈసారి సంతోషానికి. తర్వాత సుమనను చూశావు. ఎంతసేపు చూశావో! ఆ పిల్ల సిగ్గుపడి, "ఏంది, ముడతలు లెక్కవెడ్తున్నవా?" అంది. నువ్వు "లేదు, పాత మనిషి కొత్తగ గనవడుతున్నది" అన్నావు. పక్క మంచం మీది ముసలాయన కూడా నవ్వాడు.

ఇంటికి వచ్చి మగ్గం మీది చీరను చూసి నువ్వు అన్న మాట ఊళ్లో అందరికీ చెబుతున్నాను. నూలూ పట్టూ కలిసే చోట వేలు పెట్టి, కొసదాకా నడిపి, "నాకన్న సాపుగ నేసినవు" అన్నావు. "అయితే మగ్గం మీద నన్నే ఉండనిస్తవా?" అంది సుమన. "కన్ను గట్టిపడినంక నువ్వొక పూట, నేనొక పూట" అన్నావు. "మరి వంట?" అంటే, "అది గూడ గట్లనే" అన్నావు. నాయిన వింటే ఏమనేవాడో తెలియదు గాని, నాకు మాత్రం ఆ గది అంతకుముందు ఎప్పుడూ లేనంత వెలుగ్గా కనిపించింది.

నేను అంత హడావిడిగా ఎందుకు బయలుదేరానని నువ్వు అనుకుని ఉంటావు. జమ్ములమ్మ నాలుగు గడ్డలు కడిగి నా ముందు పెట్టి, "అల్లునికి నేర్పిన గురువువు నువ్వే గదా వదినా, ఇయ్యాల నీ చేత్తోని కాల్చి పెట్టు" అంది. నేను కాల్చేదాన్నే. కానీ బస్సు టైమ్ అయింది. చెయ్యి కూడా కొంచెం బెణికింది. పైగా ఆ పెనం నాకు అలవాటు లేనిది. ఆమె ఏమీ అనుకోవద్దని చెప్పు.

ఇట్లు,
నీ అక్క సుగుణ

బామ్మర్దీ, నేను లింగయ్యను. మీ అక్క కవరు అంటియ్యనీకి గోందు కోసం లోపటికి పోయింది, జల్ది రాస్తున్న. ఆ దినం మా ఇంట్ల నువ్వు కండ్లు మూసుకొని తిన్న గడ్డలు కాల్చింది నేనే. పెండ్లయిన కాన్నుంచి ఈ ఇంట్ల పొయ్యి నాది. మీ అక్క చేను చూస్తది, కూలోళ్ళతోని మాట్లాడుతది, మబ్బును జూసి వాన చెప్తది. కూర మాత్రం ఒక్కసారి చేసింది, ఆ గిన్నె ఇప్పటికి గూడ పారేసిన కాడనే ఉన్నది. బయట తెలిస్తే ఆమెకు చిన్నతనమని నేను ఎవ్వరికి చెప్పలే. నాకు మాత్రం పొద్దుగూకంగ పొయ్యి ముంగట కూసొని, గడ్డ మెల్లగ ఎర్రబడుతుంటే చూసుడంత సుఖం ఇంకోటి లేదు. నీకు గూడ అది తెలిసింది, ఇగ మనం ఇద్దరమైనం. ముక్కలను ఊకె కదపకు. వాటంతటవే పెనాన్ని విడిచినప్పుడు తిప్పు. దించినంక నిమ్మకాయ పిండు.

తమ్ముడూ, గోందు దొరికింది. మీ బావ రాసింది చదివాను. నిజమే. వాన మాట ముఖ్యంగా నిజం. మీ బావ రాసిన చోటి నుంచి కింది భాగం చింపి నీ దగ్గర దాచుకో. పై భాగం మాత్రం జమ్ములమ్మకు గట్టిగా చదివి వినిపించు.