ముందు వరుసలో నళిని

ఫిబ్రవరి 12, 1984, ఆదివారం

ఈరోజు నుంచి నా జీవితంలో ప్రాంప్టింగ్ లేదు! రాసి పెట్టుకుంటున్నాను.

సంగతేమిటంటే, ఆఫీసులో నా పక్క సీటు డోనవన్‌ది. ఐరిష్ వాడు. వాళ్ళ సంఘం ఇక్కడ న్యూజెర్సీలో ఏటా నాటికల పోటీ పెడుతుంది. ఈసారి ఒక జట్టు తగ్గిందట. మొన్న దీపావళికి మా తెలుగువాళ్ళం వేసిన నాటిక చూశాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా గారెలు తింటూ చివరిదాకా కూర్చున్నాడు. "మీరొచ్చెయ్యండి" అన్నాడు. వచ్చేస్తున్నాం!

నాటిక వాళ్ళది, ఇంగ్లీషులో. ఒక ముసలి రైతు, పోయిన భార్య పెంచిన ఆవు, దాన్ని కొంటానని వచ్చే పొరుగువాడు. రైతు నేను. పొరుగువాడు శ్రీధర్. డైరెక్టర్ ఎప్పటిలాగే అప్పారావు.

ఒకటే చిక్కు. నాటిక అవగానే జడ్జి స్టేజీ ఎక్కి అందరి ముందూ మంచిచెడ్డలు చెప్తాడట. పక్కనుంచి మాట అందించడం వినిపిస్తే మార్కులు కట్.

మాట అందించకపోతే నాకు నాటకమే లేదు. తెర పక్కన ఒకరు పుస్తకం పట్టుకుని చెప్తూ ఉంటారు, నేను అందుకుని చెలరేగిపోతాను. ఆ ఒకరు మా ఆవిడ నళిని. రాజమండ్రిలో పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి పన్నెండేళ్ళు.

ఈ రూలు వినగానే నళిని అప్పడాల కర్ర పక్కన పెట్టేసింది.

"అయితే ఈసారి నేను ముందు వరుసలో కూర్చోవచ్చా అండీ? మీరు వేషంలో ఎలా ఉంటారో ఒక్కసారి కూడా చూళ్ళేదు. నాకెప్పుడూ మీ వీపేగా."

వీపు! పన్నెండేళ్ళూ నా వీపు! చచ్చేంత సిగ్గేసింది. అక్కడికక్కడే మాటిచ్చేశాను.

రోజుకో పేజీ. పోటీ మార్చి 17న. ఈ లెక్కన వారం ముందే అయిపోతుంది. మిగిలిన వారంలో శ్రీధర్ పాత్ర కూడా నేర్చేసుకుంటే ఎలా ఉంటుంది?

ఫిబ్రవరి 13, సోమవారం

మొదటి పేజీ వచ్చేసింది!! గెడ్డం గీసుకుంటూ ఒకసారి, స్నానంలో ఒకసారి, టర్న్‌పైక్ రోడ్డు మీద రెండుసార్లు. టోల్ బూత్‌లో ఆవిడకి కూడా చెప్పాను, "నా ఆవుని అమ్మను" అని. చిల్లరిచ్చి పొమ్మంది.

ఫిబ్రవరి 15, బుధవారం

రెండో పేజీ కొంచెం మొండిది. బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. నా మాటలన్నీ నేనే చదివి క్యాసెట్ చేశాను. కారులో పెట్టుకుంటాను. ఇక పేజీలతో పనే లేదు. సైన్సు!

ఫిబ్రవరి 18, శనివారం

మొత్తం నాటిక అప్పజెప్పేశాను! క్యాసెట్‌తో పాటు. ఆవుని కౌగిలించుకునే చోట నిజంగా కళ్ళనీళ్ళొచ్చాయి, స్టాప్ సైన్ కనపడలేదు.

తర్వాత క్యాసెట్ ఆపి చూశాను. నేనూ ఆగిపోయాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది. ఆపాను. పోయింది.

వెనక సీట్లోంచి మా రేణు, పదేళ్ళది: "డాడీ, అది మమ్మీ చేసేదే కదా? జస్ట్ బ్యాటరీస్‌తో."

ఈ దేశంలో పిల్లలకి మరీ ఎక్కువ చదువు చెప్తున్నారు.

ఫిబ్రవరి 19, ఆదివారం

అప్పారావు బేస్‌మెంట్‌లో రిహార్సల్. అందరికీ టీ నళిని తెచ్చింది. మొదటి పేజీ అద్భుతం. శ్రీధర్ చప్పట్లు కొట్టాడు. రెండో పేజీ నుంచి సొంత మాటలతో నెట్టుకొచ్చాను. ఆవు ధర నేనే పెంచేశాను, ఒక దశలో అమ్మేశాను కూడా.

"ఏవోయ్ రామ్మోహన్, ఆవుని అమ్మేస్తే ఇంకేం మిగిలిందయ్యా నాటికలో!" అని అప్పారావు కుర్చీ తన్నాడు.

సహజ నటన అంటే అర్థం చేసుకునే వాళ్ళేరీ?

ఫిబ్రవరి 28, మంగళవారం

చాలా రోజులు రాయలేదు. కారణాలున్నాయి.

మంచు. డ్రైవ్‌వే తవ్వాను. నడుం పట్టేసింది. నడుం పట్టేసినవాడికి ఐరిష్ నాటిక మాటలు ఎలా ఎక్కుతాయి?

ఆఫీసులో రివ్యూ.

బ్రాహ్మీ తైలం తలకి పట్టిస్తున్నాను, జ్ఞాపకశక్తికి. బుర్ర చల్లగా ఉంది. దిండు గలీబులన్నీ ఆకుపచ్చగా అయ్యాయని నళిని గొడవ. పేజీలు: రెండున్నర.

అయినా మెదడు చివరి నిమిషంలో గబగబా పనిచేస్తుందని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు లేదు.

మార్చి 4, ఆదివారం

పరిష్కారం దొరికింది! అసలు ప్రాంప్టింగ్ అంటే ఏమిటి? వినిపించేది. చదువుకునేది ప్రాంప్టింగ్ ఎలా అవుతుంది?

మూడో పేజీ టీ కెటిల్ మీద, వెనకవైపు. నాలుగు, ఐదు రొట్టె మీద (అట్ట రొట్టె). ఆరు నా టోపీ లోపల. మిగతాదంతా ఆవు మీద! అట్టతో చేసిన ఆవు తల, వంటింటి సగం తలుపు మీంచి తొంగి చూస్తూ ఉంటుంది. నుదుటి మీద, చెంపల మీద పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసేశాను. రైతు ప్రతి మాటా ఆవు ముఖం చూస్తూ చెప్తాడు. ప్రేమ!

అప్పారావుకి చెప్పలేదు. "ఆవుతో ఎమోషన్ బాగా పండుతోందోయ్" అన్నాడు.

మార్చి 11, ఆదివారం

నళిని ఆకుపచ్చ కంచిపట్టు చీర బయటికి తీసింది. పోటీ రోజు ఐరిష్ వాళ్ళ పండగ, సెయింట్ పాట్రిక్స్ డే కదా, అందరూ ఆకుపచ్చ కడతారట. జాకెట్టుకి హుక్కులు కుట్టుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. భయమేసింది. ఆవు ముఖం మీది అక్షరాలు స్టేజీ మీద కనపడకపోతే?

"నళినీ, ఎందుకైనా మంచిది, ఈ ఒక్కసారికి తెర పక్కన నిలబడితే..."

"సరే లెండి" అని చీర మడత పెట్టేసింది. కూనిరాగం ఆగిపోయింది.

నేను పరమ దరిద్రుణ్ణి. పరుగెత్తుకెళ్ళి చీర మళ్ళీ మంచం మీద పరిచాను. "వద్దు. నువ్వు ముందు వరుసలోనే కూర్చుంటున్నావు. నాకంతా వచ్చేసింది" అన్నాను.

"నిజంగానా?"

"ఒట్టు."

ఆవు మీద ఒట్టు. అది మనసులో అనుకున్నాను.

మార్చి 16, శుక్రవారం

సామానంతా ఐరిష్ హాలుకి చేర్చాం. స్టేజీ బాధ్యత డోనవన్ భార్యది. తెల్లటి జుట్టు, పెద్ద నవ్వు. "మీరు నిశ్చింతగా ఉండండి, అన్నీ నేను చూసుకుంటాను" అంది. ఎంత మంచి మనిషి!

మార్చి 17, శనివారం

ఎంత మంచి మనిషి!! కెటిల్ మురికిగా ఉందని తోమేసింది. అట్ట రొట్టె మీద ఎవరో పిచ్చి గీతలు గీశారని పారేసి, తన చేత్తో కాల్చిన అసలు రొట్టె పెట్టింది. టోపీ ఉతికింది. ఆవు ముఖానికి గోధుమరంగు పెయింటు, నుదుటన తెల్ల మచ్చ! "మన అతిథుల ఆవు అందంగా ఉండాలి కదా" అంది, అంతా అయ్యాక.

తెర లేచింది. హాలు నిండా జనం. ముందు వరుసలో, మధ్యలో, ఆకుపచ్చ పట్టుచీరలో నళిని. పక్కన రేణు.

మొదటి పేజీ, రెండో పేజీ: చప్పట్లు! తర్వాత కెటిల్ తిప్పి చూశాను. తళతళ. రొట్టె ఎత్తాను. ఘుమఘుమ. టోపీలోకి చూశాను. ఆవు దగ్గరికి పరుగెత్తాను. ఆవు నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది.

శ్రీధర్ అదే ప్రశ్న మూడోసారి అడుగుతున్నాడు. "ఏమంటావ్? అమ్ముతావా, అమ్మవా?"

నళిని వైపు చూశాను. పెదవులు కదులుతున్నాయి! తనకంతా వచ్చు! రిహార్సల్స్‌కి టీ తెస్తూ విన్నదంతా వచ్చు! పెదవులు చూస్తూ చెప్పేశాను, ఒక మాట, రెండు మాటలు. మెల్లగా స్టేజీ అంచుకి వచ్చేశాను. ఇంకా వంగాను. మూడోది అర్థం కాలేదు.

"ఆఁ?" అన్నాను. తెలుగులో. హాలంతా వినపడేలా.

నళిని లేచి నిలబడింది. గట్టిగా, గొంతు వణక్కుండా, ఇంగ్లీషులో చెప్పింది: "ఇది నాది కాదయ్యా అమ్మడానికి. రోజూ పొద్దున్నే లేచి దీన్ని పలకరించిన మనిషిది."

నేను అదే మళ్ళీ చెప్పాను. అలాగే చివరిదాకా లాగించాం. తను చెప్పడం, నేను చెప్పడం.

జడ్జి స్టేజీ ఎక్కాడు. డబ్లిన్ నుంచి వచ్చిన పెద్దాయన. "ముందు వరుసలోంచి ఆ గొంతు వినగానే పోయిన భార్యే మాట్లాడుతోందనుకున్నాను. ఒళ్ళు జలదరించింది. ఇంతలో రైతు వంగి చెవి ఒగ్గాడు. సంగతి అర్థమైంది."

నవ్వులు! పైకప్పు ఎగిరిపోయిందనుకున్నాను. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

మార్కులన్నీ కట్. ఆఖరి స్థానం మాదే. "కానీ ఈ సాయంత్రం నేను పూర్తిగా నమ్మిన మాటలు ఆవిడ చెప్పినవే. ఆవిడ ఉండాల్సిన చోటు కుర్చీ కాదు, స్టేజీ" అన్నాడు. అందరూ లేచి నిలబడి నళినికి చప్పట్లు కొట్టారు. డోనవన్ ఈల వేశాడు. నళిని కొంగుతో ముఖం కప్పుకుంది. రేణు కుర్చీ ఎక్కి "దట్స్ మై మమ్మీ!" అని అరిచింది.

మార్చి 18, ఆదివారం

పొద్దున కాఫీ దగ్గర అడిగాను. "ఇంతకీ నేనెలా చేశాను?"

నళిని కప్పు కింద పెట్టింది. "ఏమోనండీ. మాట అందించే కంగారులో మీ ముఖం ఎక్కడ చూశాను? మీ నోరొక్కటే చూశాను."

అంటే ఇంకా చూడలేదు! పన్నెండేళ్ళు వీపు, నిన్న నోరు.

అప్పారావు ఫోను. వచ్చే నెల ఉగాది ఫంక్షన్‌కి కొత్త నాటికట, నళినే హీరోయినట. నళిని రిసీవర్ తీసుకుని చెప్పింది. "వేస్తాను అన్నయ్య గారూ, తప్పకుండా వేస్తాను. కానీ ముందు ఈయన్ని ఒక్కసారి చూడనివ్వండి. ఉగాదికి నేను ముందు వరుసలో కూర్చుంటా. ఆ తర్వాతే నా వేషం."

మధ్యాహ్నమే వెళ్ళి తెచ్చుకున్నాను, ఆ నాటిక ఇప్పుడు నా చేతిలో ఉంది. రోజుకో పేజీ. క్యాసెట్ లేదు, రొట్టె లేదు, ఆవు లేదు.

మొదటి పేజీ సగంలో ఆగిపోయాను. నేను పదిసార్లు పైకి చదవడం విన్నదేమో, వంటింట్లోంచి నళిని ఆ మాట అందించబోయింది.

"చెప్పొద్దు!" అని అరిచాను.

చేత్తో నోరు మూసుకుని గుమ్మంలో నిలబడింది. హాల్లో అటూ ఇటూ తిరిగాను. సోఫా చుట్టూ తిరిగాను. మంచినీళ్ళు తాగాను. తను నా ముఖం వంకే చూస్తోంది.

దొరికింది. నేనే వెతుక్కున్నాను.