బల్ల చరిచే ముందు

శారదా,

చివరి రోజు తెనాలి ఆసుపత్రిలో సగం ఇడ్లీ తిన్నావు, నాచేత పేపరు చదివించుకున్నావు, నిద్రపోయావు. మళ్ళీ లేవలేదు.

ఈరోజు నీ సంవత్సరికానికి, బాపట్ల కాలేజీలో నీ దగ్గర సివిక్స్ చదివిన రేపల్లె కుర్రాడు వచ్చాడు. ఇప్పుడు ఎంపీ. వ్యవసాయం మీద కేంద్రం తెచ్చిన బిల్లుకు ఎల్లుండి ఓటేస్తాడట.

"వ్యవసాయం రాష్ట్రాలది కదా, కేంద్రానికి ఆ అధికారం ఉందా?" అన్నాను.

"ఏమోనండి. సభలో పక్కనాయన బల్ల చరిస్తే నేనూ చరుస్తాను సార్," అన్నాడు గారె అందుకుంటూ.

"మా ఆవిడ చెప్పిన పాఠమే కదయ్యా."

"ఆ రోజు క్లాసుకి రాలేదండి. వచ్చుంటే ఎంపీనయ్యేవాణ్ణి కాదేమో."

నువ్వు పోయాక ఈ ఇంట్లో నేను గట్టిగా నవ్వడం అదే మొదలు.

"ఇప్పుడు చెబితే వింటావా?"

"మీరైతే వింటానండి. మేడమైతే ముందు బెంచీ ఎక్కించేవారు."

ఈరోజు వేరే పనుందని వెళ్ళిపోయాడు. రేపు పొద్దున మొదటి బస్సుకు రేపల్లెలో వాళ్ళింటికి వెళ్ళి, అతను ఢిల్లీ బయలుదేరేలోపు నీ పాఠం నేను చెబుతాను.