మెట్ల లైటు

నెల్లిమర్ల, శుక్రవారం

ఉమాపతి అన్నయ్యా,

మెట్ల లైటుకి కింద నువ్వు బిగించిన కొత్త స్విచ్, అదే ఫోన్‌తో వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్, బాగానే పనిచేస్తోంది. పైన పాత స్విచ్ నొక్కితే మాత్రం కిందదానికి కరెంటే అందడం లేదు. వైర్లు తారుమారు చేశావు, ఒప్పుకో.

పులుసులో చింతపండు గొడవ నుంచి మా అత్తకీ నాకూ మాటల్లేవు కదా. అన్నం వేళకి ఆవిడ కింద నుంచి లైటు ఆర్పి వెలిగించేది. వస్తున్నానని నేను పైనుంచి అదే చేసేదాన్ని. నిన్న నేను పై స్విచ్ నొక్కి అలాగే వదిలేయడంతో ఆవిడ ఎంత నొక్కినా వెలగలేదు. చివరికి మెట్ల కింద నిలబడి, "ఒసే, పులుసు సల్లారిపోతంది! వత్తావా, రావా?" అని అరిచింది.

"వత్తన్నానత్తా!" అన్నాను.

ఆదివారం సరిచేస్తానన్నావుగా. భోజనానికి రా, అత్తా నేనూ కలిసి పులుసు పెడతాం. నీ టెస్టర్ మాత్రం మీ ఇంట్లోనే వదిలెయ్, ఆ లైటు అలాగే ఉండనీ.

నీ చెల్లి