చెయ్యి తీస్తే ఆగే నీళ్లు

3 జూన్ 2011, శుక్రవారం

భానుమూర్తి దొంగ. ఇన్నేళ్లు మనసులో రాసుకున్నాను, ఈరోజు కాగితం మీద రాస్తున్నాను. నాకు అక్షరాలు తక్కువ. కోపం తక్కువ లేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద శానిటరీ షాపు వాడిది. గుడివాడ దిక్కు నుంచి వచ్చాడు. నేను నల్లగొండ దిక్కు నుంచి వచ్చి ప్లంబర్ పని చేశాను. సరూర్‌నగర్‌లో సగం ఇళ్ల నల్లాలు నేను బిగించినవే.

ఫ్లష్ ట్యాంకు హ్యాండిల్ ఒకసారి నొక్కితే ట్యాంకంతా ఖాళీ అయ్యేదాకా ఆగదు. చిన్న పనికీ అన్ని నీళ్లే, పెద్ద పనికీ అన్ని నీళ్లే. లోపల ఒక రబ్బరు మూత ఉంటుంది, లేచిందంటే తేలుతూనే ఉంటుంది. నేను దాని మీద సీసపు గుండు కట్టాను. హ్యాండిల్ మీద చెయ్యి ఉన్నంతసేపే నీళ్లు. చెయ్యి తీస్తే మూత పడుతుంది, నీళ్లు ఆగుతాయి. అంతే. ఏ ఇంజనీరూ చెప్పలేదు, నా బుర్రలో పుట్టింది.

తీసుకెళ్లి భానుమూర్తికి చూపించాను. నవ్వాడు. హ్యాండిల్ పట్టుకుని అంతసేపు ఎవరు నిలబడతారు సీతారాములు గారూ, జనం నొక్కేసి పోతారండీ, అన్నాడు. నేను ఇంటికొచ్చి గుండ్లన్నీ చెరువులో పారేశాను. తర్వాత కొన్నాళ్లకు వాడి షాపు ముందు నుంచి పోతుంటే కౌంటర్ మీద నా గుండు వేలాడుతోంది. ప్లాస్టిక్ కవర్లో. వాటర్ సేవర్ అని పేరు. ఆ షాపు మెట్టు మళ్లీ ఎక్కలేదు. ఫ్లష్ ట్యాంకుల పని మళ్లీ ముట్టలేదు.

5 జూన్, ఆదివారం

సైదులు వచ్చాడు. మా ఊరివాడు, ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ ఉద్యమం టెంటు చూసుకుంటాడు. ఈ పంతొమ్మిదిన వంటా వార్పు అట. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే కూర్చుని తినాలి. బస్సు కదలొద్దు. మామా, నువ్వు మైకు పట్టాలె అన్నాడు. నీళ్లు పోయినయ్, కొలువులు పోయినయ్ అని అందరూ చెప్తున్నరు, గుండు పోయినోడు నీ అసుంటోడు ఇంకొకడు లేడు అన్నాడు. వాడితో వచ్చిన పిలగాండ్లు నవ్వారు. నేను నవ్వలేదు. షాపు పేరు, మనిషి పేరు రెండూ చెప్పాను. నీ మాటలయినంక మేము పోయి ఆ షాపు సంగతి చూస్తం తాతా, అన్నారు.

చాలా ఏళ్ల తర్వాత కడుపు చల్లబడింది.

నా భార్య అండాలు బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది. గీ వయసుల నీకు మైకులెందుకయ్యా, మోకాళ్లకు తైలం రాసుకోని పండుకో, అన్నది. ఆడదానికి ఏం తెలుసు.

8 జూన్

అండాలు కూరలో ఉప్పు వేయలేదు. ఎప్పుడూ మరవదు.

10 జూన్, శుక్రవారం, మధ్యాహ్నం

పని నుంచి ఇప్పుడే వచ్చి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా పడితే పడనీ.

పొద్దున శేషారత్నం అనే ఆవిడ ఇంటికొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వచ్చే ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. బోరు ఎండిపోయింది, ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. పై అంతస్తులో ఒక ఫ్లష్ కారిపోతోంది, వాళ్ల ప్లంబర్ ఊరెళ్లాడు. నేను ఫ్లష్‌ల పని చెయ్యనమ్మా అన్నాను. బాబాయి గారూ, ఆడపిల్లలండీ, నీళ్లు లేకపోతే నా పరువేం కానండీ, అని బతిమాలింది. సరేనని వెళ్లాను.

ట్యాంకు మూత తీశాను. నా గుండు.

పక్క ట్యాంకు తీశాను. అందులోనూ ఉంది. కింది అంతస్తుకు దిగాను. తీసిన ప్రతి ట్యాంకులోనూ నా గుండే. ఇవి లేకపోతే మే నెలలోనే హాస్టల్ మూసేదాన్నండీ, భానుమూర్తి గారి షాపులో తెచ్చాం, అన్నది శేషారత్నం. దొంగ సొత్తు దొరికిందని గట్టిగా అరుద్దామనుకున్నాను.

అప్పుడు సరిగ్గా చూశాను. అది నా గుండు కాదు. నేను సీసం కరిగించి పోసినదాని బరువులో సగమే ఉంది. నేను రబ్బరు మూతకు మధ్యలో కట్టేవాణ్ని. ఇది కొసకు, మూత తెరుచుకునే అంచుకు కట్టి ఉంది. హ్యాండిల్ నొక్కి వదిలాను. మూత తిన్నగా వచ్చి టప్పున కూర్చుంది. ఒక్క చుక్క కారలేదు. నాది అప్పుడప్పుడు వంకరగా పడేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

కారిపోతున్న ట్యాంకులో తీగ తెగింది, అంతే. కట్టేందుకు గుండును బయటకు తీసి తిప్పాను. వెనక తామర పువ్వు అచ్చు. ఒక రేకు సొట్ట.

ఆ రేకు నాకు తెలుసు. నేను మొదటి గుండు పోసింది మా ఇంటి కుంకుమ భరిణె మూతలో. చేతికి ఇంకేం దొరకలేదు. ఇత్తడి మూత, దాని మీద తామర, ఒక రేకు సొట్ట. ఆ భరిణె అండాలు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. లోకంలో అలాంటి సొట్ట ఇంకొకటి ఉండదు.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

దేవుడి గూట్లో భరిణె ఉంది. మూత తీసి లోపల చూశాను. నల్లగా కాలి ఉంది. వేలు పెడితే మసి అంటింది. పాత మసి కాదు.

11 జూన్

అడగలేదు. అన్నం పెట్టింది, తిన్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో తెలియనట్టు చూశాను.

12 జూన్, ఆదివారం

అడిగాను. భరిణె మూత ముందు పెట్టాను. అండాలు దాచలేదు, ఏడవలేదు. పారేసింది నువ్వు, నేను పారెయ్యలే అన్నది.

ఒకటి దాచుకుందట. అప్పట్లో చంపాపేట్ బడిలో ఆయా పని చేసేది. ఆ బడి ఫ్లష్‌లకు నేనే గుండ్లు కట్టాను. నీ గుండు పెట్టిన కాడల్లా మూత వంకర పడి నీళ్లు కారుతుండె, సారు తిట్టేది నన్ను, తుడిచేది నేను అన్నది. కట్టినోడు కట్టి పోతడు, కడిగేదానికే తెలుస్తది అన్నది. అందుకే తీసి కొసకు కట్టిందట. ఎట్ల తెలిసిందే నీకు అంటే నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసింది. తలుపు మూసేటప్పుడు బందుల కాడ, గోడ దిక్కు నూకుతవా, కొసకు నూకుతవా? కొసకు నూకితే సగం బలం చాలు, గంతే గద, అన్నది.

నాకు తట్టలేదు. ఇన్ని తలుపులు మూశాను, నాకు తట్టలేదు.

నేను పనికి పోయినప్పుడు నా పొయ్యి మీదే సీసం కరిగించింది. అదే మూతలో పోసింది. భానుమూర్తి షాపుకు తానే తీసుకెళ్లింది. ఇప్పటికీ తీసుకెళ్తుంది. శనివారం గుడికి పోయేది గుడికి కాదు.

నాకెందుకు చెప్పలేదని అరిచాను. చెప్తే నువ్వు గుండు ఇడిసిపెట్టి ఆ షాపాయన మీద పడి కొట్లాడుతవ్, రెండు దినాలు అన్నం ముట్టవు, నీ సంగతి నాకు ఎరుక లేదా, అన్నది. లేచి బట్టలు ఉతకడానికి పోయింది. కోపం కూడా పడలేదు. పడితే నాకు బాగుండేది.

14 జూన్, మంగళవారం

భానుమూర్తి షాపు మెట్టు ఎక్కాను. మనిషి ముసలివాడయ్యాడు. షట్టరు సగం దించి ఉంది, బోర్డు మీద ఆంధ్రా ఊరి పేరు తెల్ల రంగుతో కొట్టేసుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రండి రండి సీతారాములు గారూ, ఇన్నాళ్లకు దయ కలిగిందా, అన్నాడు. తిట్టడానికి పోయానో ఎందుకు పోయానో నాకే తెలియలేదు.

గుండ్లు ఎవరివి అన్నాను. అదేంటండీ, మీవేగా, అన్నాడు. నేను అప్పుడు నవ్వానని మీకు కోపమొచ్చింది, అందుకే అమ్మగారి చేత పంపుతున్నారనుకున్నా, ఆవిడా అవునూ అనలేదు కాదూ అనలేదండీ, అన్నాడు. మాట్లాడుతుండగానే ఒక ప్లంబర్ వచ్చాడు. అన్నా, నాలుగు సీతారాములు గుండ్లు ఇయ్యి, అన్నాడు.

నా చెవులతో విన్నాను. ఈ బజారులో దాన్ని అలాగే అడుగుతారట. కవరు మీద వాటర్ సేవర్, నోటి మీద సీతారాములు గుండు. వాడికి సీతారాములు ఎదురుగానే నిలబడ్డాడని తెలియదు. నేను చెప్పలేదు. సొట్ట రేకు ఉన్న గుండ్లు కవర్లో వేసుకుని వెళ్లిపోయాడు.

కుర్చీ వేశాడు భానుమూర్తి. కూర్చోలేకపోయాను. పంతొమ్మిదిన షాపు తెరవకు అని చెప్పి దిగాను. ఎందుకని అడగలేదు. తల ఊపాడు. అతనికి ముందే భయముంది.

15 జూన్

సైదులు దగ్గరికి పోయాను. ఆ మనిషి దొంగ కాదు, పిలగాండ్లను ఆపు అన్నాను. సైదులు తల పట్టుకున్నాడు. మామా, నిన్నగాక మొన్న దొంగ అంటివి, గిప్పుడు కాదంటివి, పైసలిచ్చిండా ఏంది అని పోరగాళ్లు నన్నే అడుగుతరు, అన్నాడు. పైసలన్న మాటకు వాణ్ణి కొట్టబోయాను. వాడు చెయ్యి పట్టుకున్నాడు. కొట్లాడేది రాష్ట్రం కోసం మామా, మనిషిని కొట్టనీకి గాదు, నేను గూడ వద్దనే చెప్తున్న అన్నాడు. కాని నా మాట ఇనరు, మంట పెట్టింది నువ్వు, మైకు మీద నువ్వే ఆర్పాలె, అన్నాడు. దొంగ కాదంటే సరిపోదు, మరి గుండు ఎవరిదంటరు, పేరు చెప్పాలె, పేరు లేకుంటే ఎవడూ నమ్మడు అన్నాడు.

ఇంటికొచ్చి అండాలుకు చెప్పాను. ఏ పేరు చెప్పాలె అన్నాను. నీ ఇష్టం, నీ నోరు, నీ మైకు, అన్నది.

16 జూన్

మైకు మీద నాదే అంటే అబద్ధం. మంచిగా పనిచేసేది ఆమెది. ఆమెదే అంటే బజారంతా పిలిచే పేరు అబద్ధం. సీతారాములు అబద్ధం ఆడడు.

ఏ పేరు చెప్పాలని పొద్దటి నుంచి రెండుసార్లు అడిగాను. సీసం కరిగించుకుంటోంది. నా ముందే. ఇప్పుడు దాచే పని లేదు కదా.

17 జూన్, శుక్రవారం

ఇంకా చెప్పలేదు.

అండాలూ, నీకు చదువు రాదు, అయినా రాస్తున్నాను, చదివి వినిపిస్తాను. ఎల్లుండి ఆదివారం, ఎల్బీనగర్ చౌరస్తాలో పొయ్యిలు ముట్టించే లోపల నాకు జవాబు కావాలి. నేను మైకు మీద నీ పేరు చదివితే, అంతమందిలో లేచి నిలబడతావా, నిలబడవా?